రొయ్యలకు నీలం చెంబు

పరుపుల మామ పోయాడన్న కబురు నాకు హిందూపురం స్టేషన్‌లో దిగాక తెలిసింది. ధర్మవరంలో రోజూ నేనెక్కే ప్యాసింజరు అప్పటికే పెనుకొండ దాటి వచ్చేసింది. మామ పోయింది పెనుకొండలోనే, కూతురింట్లో. అక్కడ ఆయన చుట్టూ చేరి అందరూ ఏడుస్తున్న వేళ, అదే ఊరి ప్లాట్‌ఫారం పక్కన కిటికీలోంచి చెయ్యి చాపి నేను ఉడకబెట్టిన చెనిక్కాయలు బేరమాడుతున్నాను. నేను లెక్కలు చెప్పే బడికి సెలవని ఫోన్ చేసి, బస్సెక్కి వెనక్కి పెనుకొండకు పోయాను.

మామ అంటే మేనమామ కాదు. ధర్మవరంలో వాళ్ళ పెరటికీ మా పెరటికీ మధ్య నడుమెత్తు గోడ ఒకటే అడ్డం. ఆయన పరుపులు కుట్టేవాడు, మా అమ్మ పట్టు చీరలు నేస్తుంది. అమ్మ ఆయన్ను అన్నా అంటుంది కాబట్టి నాకు మామ అయ్యాడు, ఆయన భార్య అత్త అయింది. వాళ్ళు నమాజు చేసుకుంటారు, మేం దీపం పెట్టుకుంటాం. రెండిళ్ళలో ఎవరూ దాన్ని పెద్ద విషయం చేయలేదు. ఒక్కసారి చేసింది నేను. అది మీకు చెప్పకుండా మామను మెచ్చుకుంటూ నాలుగు ముక్కలు రాయడం నాకు చేతకావడం లేదు.

ముందు రొయ్యల సంగతి చెప్పాలి. హిందూపురంలో ఒక లాడ్జీకి పరుపులు ఇవ్వడానికి పోయినప్పుడు, అక్కడ పారేయబోతున్న గాజు తొట్టిని మామ అదే ఆటోలో వేసుకొచ్చాడు. అందులో మామూలు చేపలు పెంచుకోవచ్చు కదా, ఊహూ. సముద్రపు రొయ్యలే కావాలన్నాడు. తాగే నీళ్ళకే అంగలార్చే సీమలో సముద్రం పెడతానంటే వీధంతా నవ్వింది. ఆయన బెంగళూరు నుంచి ప్రత్యేకమైన ఉప్పు తెప్పించి, క్యాన్ నీళ్ళలో కలిపి, కడవెడు సముద్రం తయారు చేశాడు. తినేవి కావవి, చూసుకోవడానికి పెంచేవి. ఎరుపూ తెలుపూ పట్టీలు, ఒంటికి రెండింతల పొడుగు తెల్లని మీసాలు. "మీ యమ్మ నేసిన చీర అంచు మాదిరి లేవా పాపా?" అని నన్ను అడిగేవాడు.

మొదట తెచ్చిన రెండూ ఒకదాన్నొకటి చంపుకోబోయాయి. ఒకదాని కాలు ఊడిపోయింది. "రెండూ మగోళ్ళే అయినట్లుండాయి, ఇంగెట్ల కుదుర్తాది" అని ఒకదాన్ని వెనక్కి పంపి, ఒళ్ళు లావుగా ఉన్న ఆడదాన్ని వెతికి తెప్పించాడు. తొట్టి మధ్యలో బెజ్జాల ప్లాస్టిక్ అట్ట నిలబెట్టి, ఒకవైపు దాన్నీ మరోవైపు దీన్నీ ఉంచాడు. అమ్మ వాటికి పెండ్లిచూపులని పేరు పెట్టింది. కొట్లాడే పోకడ తగ్గాకే అట్ట తీశాడు. పొద్దు గూకాక తొట్టి మీది లైటు ఆర్పి, వెదురు పుల్ల కొసకు చేప తునక గుచ్చి అందించేవాడు. చిన్నది, అంటే మగది, ఆ తునక తను తినకుండా రాతి కింద ఉన్న ఆడదాని దగ్గరికి మోసుకుపోయేది. అది చూడ్డానికి అమ్మ మగ్గం గుంటలోంచి లేచి వచ్చేది. నా బిడ్డల పెండ్లిండ్లు గూడా ఇంత బాగా కుదరలేదు అనేది, నా వైపు చూస్తూ.

ఒకరోజు తొట్టిలో ఒక రొయ్య వెల్లకిలా పడి ఉండడం చూసి అమ్మ ఏడుపు మొదలెట్టింది. మామ వచ్చి చూసి నవ్వాడు. "చచ్చిపోలేదు మ్మా. పాత చొక్కా ఇప్పేసింది. కొత్త చొక్కా గట్టిపడేదాకా బయటికి రాదు." అది పైపెంకు మాత్రమే. అసలు రొయ్య మెత్తటి ఒంటితో రాతి వెనక దాక్కొని ఉంది. మామ తొట్టి మీద పరుపు గుడ్డ కప్పేశాడు. "ఒళ్ళు మెత్తగుండేటప్పుడు ఎవుర్నీ తొంగి చూడగూడదు" అన్నాడు. రొయ్యల కోసం అన్న మాట అది. నేనప్పుడు అంతవరకే అనుకున్నాను.

కూతురి కాన్పుకని మామా అత్తా పెనుకొండకు పోతూ తొట్టిని అమ్మకు అప్పగించారు. మన ఎండకు నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం అడుగునే ఉండిపోతుంది, కాబట్టి తగ్గినంత మేరకు రోజూ మంచినీళ్ళు పోయాలని చెప్పారు. అమ్మ దృష్టిలో మంచినీళ్ళంటే రాగి బిందెలో రాత్రంతా నిలవున్న నీళ్ళు. ఇంటికి ఎవరొచ్చినా ఆమె ఇచ్చేవి అవే. ప్రతి శుక్రవారం చింతపండు పెట్టి బంగారంలా తోమే బిందెను చంకనెత్తుకొని రోజూ గోడ దాటించింది. మామ తిరిగొచ్చేసరికి జంట చచ్చిపోయి ఉంది. "ఈ బిందె నీళ్ళే పోసినా అన్నా, యాడా తక్కువ చేయలేదు" అని అమ్మ గుండె బాదుకుంది. మామ ఆ బిందె వైపు కాసేపు చూసి, "వయసైపోయిండె లేమ్మా వాటికి" అన్నాడు.

కొన్నాళ్ళకు కొత్త జంటను తెచ్చాడు. మళ్ళీ ఊరికి పోయేటప్పుడు గోడ మీద ఒక నీళ్ళ క్యాను, ఒక నీలం ప్లాస్టిక్ చెంబు పెట్టాడు. "ఈ నీళ్ళే, ఈ చెంబుతోనే పొయ్యి మ్మా. వాటికి ఇదే అలవాటు."

అమ్మ సరేనంది కానీ మనసు చివుక్కుమంది. "ఇన్నేండ్లు మనింట్లో నీళ్ళు తాగినాడు. ఇప్పుడు మన బిందె ఆయప్ప రొయ్యలకు పనికిరాకపోయె" అని వాళ్ళింకా బయల్దేరకముందే పెరట్లో కూర్చొని సణిగింది. చదువుకున్న కూతుర్ని కదా, నేను అర్థం విడమరిచి చెప్పాను. "వాళ్ళకు గూడా పట్టింపులు మొదలైనట్లుండాయి లేమ్మా. మనం ముట్టిన బిందె వాళ్ళకెందుకు?" ఆ మాట అమ్మ మనసులో ముల్లులా దిగింది. అమ్మ చెంబుతో నీళ్ళు పోయడం మానలేదు. కాకపోతే మామ గోడ దగ్గరికి వస్తే తనంతట తాను నీళ్ళివ్వడం మానేసింది. ఆయన అడిగి తాగేవాడు.

మూడో దినం ఫాతెహా ప్రార్థనలకు అమ్మా నేనూ పెనుకొండ పోయాం. అందరూ మామ గురించి తలా ఒక మాట చెప్పుకుంటుంటే అమ్మ గూడా అంది: "నేను రాగి బిందె నీళ్ళు పోసి సాకినా వాటిని. ఎందుకో ఆయప్పకు నచ్చలేదు." అత్త లేచి లోపలికి పోయింది. కాసేపటికి టీ గ్లాసులు అందుకోమని నన్ను వంటింట్లోకి పిలిచింది.

"పాపా, రాగి ఆ రొయ్యలకు విషం. బెంగళూరు అంగడాయప్ప చెప్పినాడు. మీ యమ్మతో మాత్రం చెప్పద్దనె మీ మామ."

అందుకున్న గ్లాసులు మళ్ళీ గట్టు మీద పెట్టేశాను. "మామ మాకొక మాట చెప్పుంటే..."

"చెప్పుదామనే అన్నా నేను. ఆ పొద్దు మీరు పెరట్లో అనుకునేది మాకు ఇనపడింది. అప్పుడు గూడా ఒప్పుకోలేదు. 'అట్లనే అనుకోనీలే. నేనే చంపితి అని ఏడ్చేదాని కన్నా నన్ను తిట్టుకునేది నయం గదా' అనె."

'నువ్వు అన్నది' అనలేదు అత్త. 'మీరు అనుకునేది' అంది. ఆ మర్యాదకు నేను ఇంకా కుంగిపోయాను. ఆ మాట విన్న తర్వాత కూడా ఆయన నన్ను పాపా అనే పిలిచాడు, స్టేషన్‌కు టైమైందని పరుగెడుతుంటే తన బండి మీద దింపాడు. క్షమాపణ అడగాల్సిన మనిషి మట్టిలో ఉన్నాడు. నేను టీ గ్లాసులు పంచాను.

మామ దినాలు గడిచేదాకా అత్త కూతురింట్లోనే ఉంటుంది. తొట్టి మళ్ళీ అమ్మకే వచ్చింది. ధర్మవరం చేరిన మర్నాడు పొద్దున అమ్మ తల స్నానం చేసి, రాగి బిందె చంకనెత్తుకొని గోడ దగ్గరికి నడిచింది. "ఇప్పుడు ఆ చెంబు ఏంటికి? అడ్డం చెప్పేకి ఆయప్ప లేడు గదా. మన నీళ్ళే పోస్తా, ఆయప్ప పేరు చెప్పి." ఆ గొంతులో కోపం లేదు. పోయినాయనతో రాజీ పడుతున్న గొంతు అది.

నేను అడ్డం నిలబడ్డాను. "వద్దమ్మా. వాటికి ఈ చెంబే అలవాటు" అన్నాను.

అమ్మ నా మొహంలోకి చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. నాకు అబద్ధం చెప్పడం మామంత బాగా రాదు.

"రాగి పడదా వాటికి?" అంది.

గోడ మీది నీలం చెంబు తీసి ఆమె వైపు చాపాను.

"అప్పుడు పోయినాయే, ఆ రెండూ..."

"వయసైపోయిండె వాటికి."

అమ్మ బిందెను కింద పెట్టింది. చేతులు కొంగుకు రెండుసార్లు తుడుచుకుంది. నీలం చెంబు అందుకొని, క్యాన్ నీళ్ళు పట్టుకొని, గోడ దాటి, మామ పోసినట్లే, తొట్టి అంచుకు ఆనించి నెమ్మదిగా నీళ్ళు వదిలింది. రాతి కింద నుంచి రెండు జతల తెల్ల మీసాలు బయటికి వచ్చి కదిలాయి.

ఆ రోజు నుంచి మా ఇంట్లో తాగే నీళ్ళు స్టీలు బిందెలోవి. రాగి బిందె పెరట్లో, ఆ గోడ పక్కనే బోర్లించి ఉంది. శుక్రవారాలు వచ్చి పోతున్నాయి, అమ్మ దాన్ని తోమడం లేదు. అడుగున పచ్చటి చిలుము పడుతోంది.