గడి ముందు సైకిలు దిగనివాళ్ళు

సరళాదేవి సంగతి ఎత్తితే ఆమె బంధువులు ఇప్పటికీ మాట మారుస్తారు. నేను మార్చను. ఆమెతో కలిసి ఒకే బడిలో పాఠాలు చెప్పాను, ఒకే బస్సులో రాడ్డు పట్టుకుని వేలాడాను, ఒకే టిఫిన్ డబ్బాలోంచి తిన్నాను. నా పేరు లీలాబాయి, హిందీ పండితురాలిని. పుట్టింది ఆదిలాబాద్ అవతల. ఇంట్లో మరాఠీ, వీధిలో తెలుగు. నా నోరు మంచిది కాదని మా హెడ్మాస్టరు దశరథం సారు అంటుండేవాడు. ఆయన అన్న మాటల్లో నిజం అదొక్కటే.

మా బడి మంథని నుంచి బస్సులో పోతే వచ్చే ఒక పెద్ద ఊళ్ళో ఉండేది. ఆ ఊరి దొరలు సరళాదేవి పుట్టింటివాళ్ళే. ఊరి నడుమ వాళ్ళ గడి, కోటగోడలంత ఎత్తు గోడలు, ఏనుగు పట్టేంత దర్వాజ. ఆమె అందులోనే పుట్టి పెరిగింది. పెళ్ళైన కొన్నేళ్ళకే భర్త పోయాడు. వంటింట్లో ఒక మూల కూర్చోమని అత్తగారింటివాళ్ళు అంటే కూర్చోలేదు. బి.ఇడి. చదివి సోషల్ టీచరైంది. తమ్ముడు కరుణాకర్‌రావు కరీంనగర్‌లో పేరున్న వకీలు, రాజకీయాల్లోకి దిగుతున్న మనిషి. అక్కను సొంతూరి బడికి వేయించిందీ, మంథనిలోని తన ఇంట్లో ఉండమన్నదీ అతనే.

అడవిలో దళాలు తిరగడం మొదలయ్యాక దొరల కుటుంబమంతా కరీంనగర్ చేరింది. ఆ దళాలవాళ్ళను అక్కడ అన్నలు అంటారు. గడికి తాళం పడింది. కాపలాకు అంజన్న అనే ముసలాయన ఒక్కడే మిగిలాడు.

ఆ తాళం ముందు కూడా ఊరివాళ్ళు సైకిలు దిగేవాళ్ళు. దొరలున్న కాలంలో గడి ముందు నుంచి ఎవరూ సైకిలెక్కి పోకూడదు. దిగి, నడిపించుకుంటూ పోయి, గోడ దాటాకే మళ్ళీ ఎక్కాలి. ఇప్పుడు లోపల పావురాలు తప్ప ఎవరూ లేరు. అయినా దిగేవాళ్ళు. నేను మొదటిసారి చూసినప్పుడు ఎవరిదో సైకిలు పంక్చరైందనుకున్నాను. వెనకాల వస్తున్నవాడూ దిగాడు, వాడి వెనకవాడూ దిగాడు. సంగతి తెలిశాక నాకు ఒళ్ళు మండింది.

ఇక అసలు కథ. పంతొమ్మిది వందల తొంభై, ఆగస్టు. వెనుకబడిన కులాలకు కేంద్ర ఉద్యోగాల్లో వాటా ఇస్తామని ఢిల్లీలో ప్రకటించారు. కరీంనగర్‌లో కాలేజీ పిల్లలు రోడ్డెక్కారు. మా ఊరికి పేపరు మధ్యాహ్నం బస్సులో వచ్చేది, బడి మొత్తం దాని మీద పడేది. పదో తరగతి పిల్లలు కొట్టుకోవడానికి సిద్ధమయ్యారు. కొట్టుకోవడమెందుకు, లేచి నిలబడి వాదించండి అని సరళాదేవి తన పీరియడ్ ఇచ్చింది. నా తరగతికీ ఆమె తరగతికీ నడుమ వెదురు తడిక ఒక్కటే. నా పిల్లలకు దోహాలు బట్టీ పట్టమని చెప్పి నేను తడికకు చెవి ఆనించాను.

మొదట లేచింది వెంకటేశ్వర్‌రావు. కరుణాకర్‌రావు కొడుకు. కరీంనగర్ ఇంగ్లీషు బడిలో రెండుసార్లు తప్పితే, మేనత్త దగ్గరుంటే దారికొస్తాడని ఇక్కడికి పంపారు.

"మెరిట్ ఉన్నోనికి కొలువు రావాలె టీచర్. కులం చూసి ఇచ్చుడేంది? మేమేం తప్పు చేసినం?" అన్నాడు. రెండుసార్లు తప్పినవాడి నోట మెరిట్ మాట విని నేను తడికవతల కొంగు నోట్లో కుక్కుకున్నాను.

తర్వాత స్వరూప లేచింది. గొల్ల సాంబయ్య మనవరాలు. తండ్రి సిద్దిరాములు మస్కట్‌లో తాపీపని చేసి పంపిన డబ్బుతో కొన్న సైకిలు మీద వచ్చేది. "మా తాత గొర్లు కాసిండు. మా బాపు సంతకం పెట్టుడు మస్కట్ పోయేటప్పుడు నేర్చుకున్నడు. మా ఇంట్ల పదో తరగతి దాక వచ్చింది నేనే. మరి ఇది మెరిట్ కాదా?" అంది.

సరళాదేవి ఇద్దరినీ కూర్చోమంది. "మంచిగ మాట్లాడిండ్రు. రిజర్వేషన్ మంచిదో చెడ్డదో నేను చెప్ప. మీరే తేల్చుకోండ్రి. నేను వేరేది అడుగుత. బడికి వచ్చేటప్పుడు గడి ముంగట సైకిలు దిగెటోళ్ళు చెయ్యి లేపుండ్రి."

తడిక సందులోంచి చూశాను. చేతులన్నీ లేచాయి. సైకిలు లేనివాళ్ళు కూడా, మా బాపు దిగుతడు టీచర్, మా తాత దిగుతడు టీచర్ అంటూ ఎత్తారు. వెంకటేశ్వర్‌రావు ఒక్కడే చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వెందుకు లేపలే?"

"అది మా ఇల్లు కద అత్తా... టీచర్." పిల్లలు పకపకా నవ్వారు.

ఆమె నవ్వలేదు. "నేను గూడ లేపలే, చూసినవా? నేను గా ఇంట్లనే పుట్టిన. మన ఇంటి ముంగట మంది సైకిలు దిగుతరన్న ముచ్చట నాకు పెద్దగైనంక ఎవరో చెప్తే తెలిసింది. దిగెటోనికి రోజూ తెలుస్తది. దిగనోనికి తెల్వనే తెల్వది. గట్ల తెల్వకుంట బతికే సౌలత్ మనకు పుట్టుకతోటి వచ్చింది, పరీక్ష రాసి తెచ్చుకున్నది కాదు. గిది గూడ లెక్కల వేసుకో. వేసుకొని నాతోటి వాదించు. నన్ను ఓడియ్యి, నాకు సంతోషమే."

"అయితే ఇప్పుడు నన్ను గూడ దిగుమంటరా?" పిల్లవాడు ఉడుక్కున్నాడు.

"నువ్వెందుకు దిగుడు? వాళ్ళు గూడ దిగొద్దు."

ఆ మాట చాలు. సోమవారం పొద్దున పదో తరగతి పిల్లలు బారుగా గంటలు మోగించుకుంటూ గడి ముందు నుంచి సైకిళ్ళు తొక్కారు. కాపలా అంజన్నకు పిచ్చెక్కినంత పనైంది. అరిచాడు, కేకలేశాడు, చివరికి స్వరూప హ్యాండిల్ పట్టి గుంజాడు. పిల్ల కిందపడింది. మోకాలు పగిలింది, ముందు చక్రం వంకర పోయింది. రక్తం కారుతుండగానే బడికి వచ్చి తన బల్ల మీద కూర్చుంది.

మధ్యాహ్నానికి తాత సాంబయ్య వచ్చాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకుని వరండా కింద నిలబడ్డాడు. "దొరసానీ, మీ కాల్మొక్త. మా పిల్లకు దిగుమని చెప్పుండ్రి. మీరు పెద్దోళ్ళు, మీరేమన్నా నడుస్తది. రేపు ఏమన్నయితే మేము పరేషానైతం."

"నన్ను దొరసాని అనకు పెదబాపు. టీచర్ అను."

"మంచిది దొరసానీ," అన్నాడాయన. ఆమెకు ఏడుపొచ్చింది. అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు కరుణాకర్‌రావు జీపులో దిగాడు. హెడ్మాస్టరు గదిలో కుర్చీ తుడిచారు, చాయ్ తెప్పించారు. సాంబయ్యను పిలిపించి గుమ్మంలో నిలబెట్టారు. నన్నెవరూ పిలవలేదు. పేపర్లు దిద్దుకునే వంకతో నేనే పోయి మూలన కూర్చున్నాను.

"అక్కా, అది తాళమేసిన ఇల్లు," అన్నాడు మెత్తగా. "ఎవరన్న దిగుమంటున్నరా? మర్యాదకు దిగుతుండ్రు. నువ్వు దాన్ని కులం పంచాయితీ చేసినవు. మనింటి పిల్లగాన్ని క్లాసుల నిలబెట్టి ఇజ్జత్ తీసినవు. ఏం సాంబయ్యా, మర్యాదకే కద?"

"మర్యాదకే దొరా."

సరళాదేవి ఆయన వైపు తిరిగింది. "మరి నీ ఇంటి ముంగట ఎవరన్న మర్యాదకు దిగిండ్రా పెదబాపు?" సాంబయ్య తలపాగాను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

ఆమె తమ్ముడి వైపు చూసింది. "అరవై తొమ్మిదిల నువ్వు కాలేజీల ఉన్నవు. జై తెలంగాణ అని జైలుకు పోయినవు. గప్పుడు మెరిట్ అన్నవా? మా కొలువులు మాకే ఇయ్యాలె అన్నవు. ఆంధ్రోళ్ళు మెరిట్ అంటే, మాకు బడులు లేకపాయె, కాలేజీలు లేకపాయె, మెరిట్ యాడికెళ్ళి వస్తదని కొట్లాడినవు. నీ మాట నిజమే అని నేను గూడ నీ ఎంబడి నడిచిన. ఇయ్యాల గదే మాట సాంబయ్య మనుమరాలంటే నీకెందుకు మింగుడు పడ్తలేదు?"

"అది వేరు."

"ఎట్ల వేరు వకీల్ సాబ్?" నా నోరు ఊరుకోలేదు. దశరథం సారు నన్ను మింగేసేలా చూశాడు.

కరుణాకర్‌రావు చాయ్ కప్పు పక్కన పెట్టాడు. మెత్తదనం పోయింది. "రేపు ప్రార్థనల పిల్లల ముంగట ఒక్క మాట చెప్పు. నేను చెప్పింది తప్పు, ఎప్పటిలెక్కనే ఉండుండ్రి అని. గంతే. చెప్పకుంటే ఈ బడి ఉండది, మంథని ఇల్లు ఉండది. ఇంకోటి. జమానా మంచిగ లేదు. పంతులమ్మ అన్నల మాటలు చెప్తున్నదని ఠాణాల ఎవరన్న ఎక్కిస్తే నేను అడ్డం పడ."

ఆ సాయంత్రం బస్సెక్కాం. మంథని దగ్గర పడుతుండగా నేనే అన్నాను, ఒక్క మాటే కద సరళక్కా, అనేస్తే పోదా అని. ఆమెకు ఆ ఉద్యోగం తప్ప, ఆ గూడు తప్ప ఏముందని నా బాధ.

"నాకు మస్తు భయమైతున్నది లీలా," అంది. "కానీ గా పిల్ల నా మాట నమ్మి మోకాలు పగలగొట్టుకున్నది. నేను తప్పంటే దాని మోకాలు తప్పైతది. రేపటి సంది నేనేం చెప్పినా క్లాసుల ఎవరు నమ్మాలె? నమ్మనంక నేనేం టీచర్?"

పొద్దున ప్రార్థన. పిల్లలు వరుసల్లో నిలబడ్డారు. గేటు బయట జీపు, దానికి ఆనుకుని కరుణాకర్‌రావు. రోడ్డవతల సాంబయ్యా, ఇంకొందరు ఊరివాళ్ళూ. దశరథం సారు గొంతు సవరించుకుని, సరళాదేవి టీచర్ రెండు మాటలు చెప్తారు అన్నాడు. ఆమె ముందుకొచ్చింది. చీర కొంగు నడుముకు చుట్టి దోపుకుంది.

"మొన్న నేను చెప్పిన దాంట్ల ఒక తప్పున్నది," అంది. దశరథం సారు ముఖం వెలిగిపోయింది. "సైకిలు దిగెటోళ్ళు చెయ్యి లేపుండ్రి అన్న. దింపినోళ్ళు ఎవరో చెప్పలే. మా తాత దింపిండు. మా బాపు దింపిండు. దిగకుంటే ఏం చేసిండ్రో ఇంటికి పోయి మీ తాతలను అడుగుండ్రి. వాళ్ళు చెప్పకుంటే వాళ్ళ వీపులు చూడుండ్రి. అది మర్యాద కాదు, భయం. ఆ ఇంటి బిడ్డను నేను చెప్తున్న, ఇగ ఎవరూ దిగొద్దు."

కరుణాకర్‌రావు గేటు తోసుకుని లోపలికి వచ్చాడు. ముఖం కందగడ్డైంది. "నువ్వు మా ఇంట్ల పుట్టినదానివేనా?"

"పుట్టిన కాబట్టే చెప్తున్న తమ్మీ. పుట్టనోళ్ళు చెప్తే తన్నిస్తిరి."

నాకు అక్కడే చప్పట్లు కొట్టాలనిపించింది. కొట్టాను కూడా. ఎవరూ అందుకోలేదు, నేనొక్కదాన్నే కొట్టాను, ఆపలేదు. సాంబయ్య రోడ్డవతల నుంచి వచ్చి మనవరాలి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. కోపమో, భయమో, ఇంకేమో ఆయన ముఖంలో నాకు అంతు చిక్కలేదు. ఆ తర్వాత ఊళ్ళో పిల్లలెవరూ దిగలేదు. పెద్దవాళ్ళు కొందరు దిగుతూనే ఉన్నారు.

బతుకమ్మ పండుగ రాకముందే సరళాదేవికి బదిలీ కాగితం వచ్చింది, ఆదిలాబాద్ జిల్లాలో అడవి అంచున ఒక గోండుల ఊరికి. పోలీసులు ఒకసారి వచ్చి ఏవో అడిగిపోయారు. మంథని ఇల్లు ఖాళీ చేయించారు. వెంకటేశ్వర్‌రావు ఎలాగో పది గట్టెక్కి, ఇంటరు గట్టెక్కి, బీదర్‌లో డొనేషన్ కట్టి ఇంజినీరింగ్‌లో చేరాడని తర్వాత విన్నాను. మెరిటే మరి.

మరుసటి చలికాలం మా పుట్టింటికి పోతూ ఆమెను చూడబోయాను. బస్సు ఆగినచోట దిగి ఎడ్లబండిలో చేరేసరికి ఆమె తరగతిలో ఉంది. మనిషి చిక్కింది, గొంతు మాత్రం అదే. పిల్లలను అడుగుతోంది, "గీ ఊర్ల ఎవరు ఎవరి ముంగట చెప్పులు విడుస్తరు?"

వెనక వరుసలో ఒక పిల్ల లేచి నెమ్మదిగా అంది, "నీ ముంగటనే, బాయీ." అక్కడ పంతులమ్మను బాయీ అంటారు.

అప్పుడు నేనూ చూశాను. గుమ్మం బయట అరిగిపోయిన చెప్పులు కుప్పగా ఉన్నాయి. లోపల మట్టినేల మీద ఆమె ఒక్కదాని కాళ్ళకే చెప్పులున్నాయి. ఆమె తన కాళ్ళ వైపు చూసుకుంది. చెవుల దాకా ఎర్రబడింది. "నేను చూడనే లే," అంది. "మంచిగ చెప్పినవు బిడ్డా. అందరు పోయి తొడుక్కొని రాండ్రి."

పిల్లలు టపటపమంటూ లోపలికి వచ్చారు. పక్క గదిలోంచి అక్కడి హెడ్మాస్టరు పరుగెత్తుకొచ్చాడు. బడికో మర్యాద ఉంటదమ్మా, ఇట్లయితే నేను పైకి రాయవలసొస్తది అని గుమ్మంలో నిలబడి గట్టిగా అరిచాడు. రాసుకోండ్రి సార్ అని ఆమె పాఠం మొదలుపెట్టింది.

బెల్లు కొట్టాక అడిగాను, మళ్ళీ బదిలీ చేస్తే ఏం చేస్తవని.

"గిక్కడికన్న దూరం యాడున్నది లీలా? ఉంటే పంపనీ. ఆడ గూడ పిల్లలే ఉంటరు."