జోడీ బండ

మొన్నామధ్య మా మేనకోడలు కొత్త ఇంటికి నేల పరిపించాలని నన్ను చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ పక్కనున్న టైల్స్ దుకాణానికి వెంటబెట్టుకుని వెళ్లింది. నా మోకాళ్లు నా మాట వినడం మానేసి చాలా కాలమైంది గానీ, బండల విషయంలో ఈ ముసలాణ్ణి అడగకపోతే పూటకు ఒక అలక చొప్పున వారం రోజులు సాగదీస్తాడని ఆమెకు తెలుసు. దుకాణం అతను గోడకు నిలబెట్టిన పలకలు చూపిస్తూ, అచ్చం రాయిలాగే ఉంటుంది తాతా అన్నాడు. అచ్చం రాయిలాగే ఉండేది కావాలంటే రాయే కొనుక్కోవచ్చు గదా అని అడగబోయి నోరు తెరిచాను. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఒక పలక మీద బూడిదరంగులో సన్నని నల్లటి పాయలు, తలంటుకుని ఆరబోసుకున్న ఆడమనిషి జుట్టులాగా. పక్క పలక మీద కూడా అదే జుట్టు. దాని పక్కన కూడా.

శాబాదు బండ మీద ఎండాకాలం మధ్యాహ్నం ఒంటిమీద గుడ్డ కూడా బరువనిపించేలా వెల్లకిలా పడుకున్న సుఖం మన ఈడువాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ఆ సుఖాన్ని అమ్మి పొట్టపోసుకున్నవాణ్ణి నేను. నాలుగో తరగతితోనే చదువుకు సలాం కొట్టాను. పంతులుగారికి నా మీద కోపమేమీ లేదు, నేను రాని రోజున ఆయన ముఖం కళకళలాడేదని తోటివాళ్లు చెప్పేవారు. బాపు పోయాక, మీసాలు వచ్చిన మేనల్లుణ్ణి ఊరికే తిప్పడం ఎందుకని మొఘల్‌పురా వెనక ఉన్న తన బండల అడ్డాలో మా మేనమామ నన్ను పనిలో పెట్టాడు. శాబాదు నుంచీ తాండూరు నుంచీ గూడ్సు బండిలో వచ్చిన రాయి, ఎడ్లబండ్ల మీద కుయ్యోమొర్రోమంటూ నది దాటి మా అడ్డాకు చేరేది.

ఇప్పుడు మా మనవడు వాటిని అవక్షేప శిలలంటారని కాలేజీలో చదువుతున్నాడు. నీళ్లు మోసుకొచ్చిన మన్నూ, ఇసుకా, సున్నమూ ఏ కాలందో ఒక సముద్రం అడుగున పొర మీద పొరగా దిగి గట్టిపడ్డాయట, లోపల ఏముంది, రేణువు ఎంత లావు అన్నదాన్ని బట్టి వాటిని జాతులుగా విడదీస్తారట. మేమూ చేసింది అదే, కాకపోతే మా పరికరాలు దేవుడిచ్చినవి. రాయి అంచు గీరి ఆ పొడిని పళ్ల మధ్య పెట్టుకుంటే కరకరలాడినది ఇసుకరాయి, అది నేల రుద్దడానికి పనికొస్తుంది. వెన్నలా జారిపోతే అందులో మన్ను ఉన్నట్టు. మన్ను ఎక్కువున్న రాయి నాలుకను పట్టుకుని వదలదు, దాని మీద నోటి ఆవిరి ఊదితే తొలకరి వాన వాసన కొడుతుంది, అలాంటిది వాకిట్లో వేస్తే రెండు వానలకే పెచ్చులు లేస్తుంది. పొడి మీద నిమ్మకాయ పిండితే బుసబుస పొంగేది సున్నపురాయి, అదే అసలు సరుకు. రోజంతా రాళ్లు నాకే ఉద్యోగం. నీ నాలుకకు ఇన్నాళ్లకు తగిన పని దొరికిందిరా అని మామ అనేవాడు.

ఇక చెవి పరీక్ష మాత్రం చిచ్చాదే. ఆయన రాయి విప్పే మనిషి. అడ్డాలో చిన్నా పెద్దా అందరమూ చిచ్చా అనే పిలిచేవాళ్లం. రాతి అంచు తడిపి, సన్నని ఉలులు వరసగా ఆనించి, చిన్న సుత్తితో ఈ చివర నుంచి ఆ చివరకు తట్టుకుంటూ పోయేవాడు. టంగ్, టంగ్ మంటున్న రాయి ఒకచోట గొంతు మార్చేది. అప్పుడు ఉలి పక్కనపెట్టి చేత్తో ఎత్తితే రాయి రెండు రెప్పల్లా విడిపోయేది. ఎప్పుడో ఒకసారి ఆ లోపలి ముఖాల మీద బొమ్మ ఉండేది. చెట్టుకొమ్మలా, నాచులా, రెండు పలకల మీదా ఒకటే బొమ్మ, అద్దంలో చూసుకున్నట్టు కుడి ఎడమలు మారి. అలాంటి రెంటినీ జోడీ అనేవాళ్లు. వాటి అంచుకు గేరు, అంటే ఎర్రమట్టి రంగు, పూసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, అమ్మితే రెండూ ఒకే ఇంటికి అమ్మాలి. అది అడ్డా కట్టుబాటు.

ఎందుకని అడిగాను ఒకసారి. చిచ్చా ఉలి తుడుచుకుంటూ అన్నాడు: "ఒక్క చీకట్ల పండుకున్నయి బేటా గివి. మనం పుట్టకముందు సంది. ఇడదీస్తె ఒకదాన్నొకటి పిలుస్తయి. ఆ పిలుపు పడ్డ ఇంటికి మంచిది కాదు."

నేను ఊరుకుంటానా! మర్నాటి నుంచి బండల దొంతర వెనక దాక్కుని, ఆడగొంతుతో, "ఏమయ్యో, యాడున్నవ్?" అని మూలగడం మొదలుపెట్టాను. కూలీలు నవ్వేవారు. చిచ్చా కూడా నవ్వి, "నవ్వురా నవ్వు. నిన్ను పిలిచే రాయి యాడ్నో ఉంటది," అనేవాడు.

ఆ వానాకాలానికి ముందే చిచ్చా ఒక రాయి విప్పాడు. అలాంటి బొమ్మను నేను అంతకుముందు చూడలేదు. మనిషి నిలువెత్తు పలక మీద ఆడదాని జుట్టు. పాయలు పాయలుగా దిగి, ముఖం ఉండవలసిన చోట మాత్రం ఖాళీ. నా నోటికి కూడా హాస్యం రాలేదు. గేరు పూసి, బొమ్మలు కిందికి తిప్పి, దొంతర పైన పెట్టాడు. తర్వాత ముసురు పట్టింది. ఆ ముసురులోనే చిచ్చా భార్య జ్వరంతో కన్నుమూసింది. పిల్లలు లేని దంపతులు. చిచ్చా ఇంటి గడప దాటలేదు, సమాధి మీద పరచడానికి మామే దొంతర మీది పై బండ తీసి పంపాడు. మా ఇంట్లో అక్క పురుటికి వస్తుందని గది నేల బాగుచేయించుకుంటుంటే, దాని కింది బండను ఇంకొన్నిటితో కలిపి మాకు పంపాడు. గేరు వానకు ఎప్పుడో కొట్టుకుపోయింది. అంచున ఎర్రగా ఏమీ లేనప్పుడు ఏ బండైనా బండే గదా.

అక్కకు అంతకుముందు రెండు కాన్పులు పోయాయి. రెండుసార్లూ పిల్లలు పుట్టి ఏడవనేలేదు. ఈసారి కూడా అలాగే అయితే ఇక నన్ను చూడడానికి రాకమ్మా అని మా అమ్మతో అన్నదట, అలా అన్నప్పుడు కళ్లలో నీళ్లు కూడా లేవట. అందుకే ఆ గదిలో అమ్మ అడుగు కూడా మెల్లగా వేసేది.

మధ్యాహ్నం నేల కడిగినప్పుడు మొదటిసారి ఆ జుట్టు పైకి తేలింది. ఆ బొమ్మ తడిస్తేనే నల్లబడుతుంది, ఆరగానే బూడిదలో కలిసిపోతుంది. అక్క భయపడలేదు. తడి ఆరేదాకా గుమ్మంలో కూర్చుని దాన్నే చూసేది, ఎవరో తలంటుకుని ఆరబెట్టుకుంటున్నారని నవ్వేది. నేను మాత్రం నవ్వలేదు. అది ఏ రాతి సగమో నాకు తెలుసు, రెండో సగం ఎక్కడుందో తెలియదు. తర్వాత ఒకనాడు అక్క నన్ను పిలిచి నెమ్మదిగా అడిగింది: "తమ్మీ, బేస్తవారం మధ్యాహ్నం మన నేల కింద ఎవరు కొడుతరురా? టంగుమంటది. ఆగుతది. మల్ల టంగుమంటది."

బేస్తవారం మధ్యాహ్నం చిచ్చా అడ్డాలో ఉండడు. భార్య సమాధి దగ్గరకు పోతాడు.

మరుసటి బేస్తవారం నేనూ వెంట వెళ్లాను. ఎండ నిటారుగా ఉంది, వేపచెట్ల నీడలు కూడా వేళ్లలోకి ముడుచుకుపోయాయి. చిచ్చా పూలు పెట్టి, చెంబుతో నీళ్లు పోశాడు. పోసినకొద్దీ రాతిలోంచి జుట్టు నల్లగా విప్పారింది. మా ఇంట్లోదే. పాపిడి మాత్రం రెండోవైపు. తర్వాత ఆయన నడుముకున్న చిన్న సుత్తి తీసి, జీవితమంతా రాళ్లను పలకరించిన అలవాటుతో, ఆ బండను తట్టాడు. టంగ్. చెవి వంచి విన్నాడు. మళ్లీ టంగ్. "ఇది జోడీ బండ రా," అన్నాడు నా వైపు చూడకుండానే. "రెండోది ఏ ఇంట్ల పడ్డదో. ఆ ఇంటోళ్లు సల్లగుండాలె."

అది మా ఇంట్లోనే ఉందనీ, అక్కకు ఆ మోత వినిపిస్తోందనీ చెప్పేశాను. ఆయన ముఖంలోంచి రక్తం దిగిపోవడం ఆ ఎండలో కళ్లారా చూశాను.

బండ పెకిలించి తెచ్చేస్తే సరిపోయేది. కానీ కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో గడ్డపార దించకూడదు, గోడకు మేకు కూడా కొట్టకూడదు. అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. గది మారుద్దామంటే మాది ఒకే గది, తక్కినది వసారా, దాని మీద వాన. అక్కకు అసలు సంగతి చెప్పవద్దని అమ్మ నాతో ఒట్టు వేయించుకుంది. చిచ్చా మా వాకిట్లోనే నడుము సుత్తి తీసి నా చేతిలో పెట్టాడు. "బిడ్డ పుట్టెదాంక నేను ఆడికి పోను. కొట్టేటోడే లేకుంటె పిలుపు యాడికెల్లి వస్తది? గిది నీ తాన ఉండనీ." ఆ పెద్దమనిషికి వారమంతా ఆ ఒక్క మధ్యాహ్నం కోసమే గడిచేదని నాకు తెలుసు. సుత్తి తీసుకున్నాను.

బేస్తవారం వచ్చింది. మధ్యాహ్నమంతా చిచ్చా అడ్డాలో నా ఎదురుగానే కూర్చున్నాడు, మోకాళ్ల మీద ఖాళీ చేతులు పెట్టుకుని. సుత్తి నా మొలలో ఉంది. సాయంత్రం ఇంటికి వెళ్తే అక్క గుమ్మంలోనే ఉంది.

"ఇయ్యాల ఇంక దగ్గర్నుంచి కొట్టిన్రు తమ్మీ," అంది.

ఆ మాట చిచ్చాకు నేను చెప్పలేదు. లోకంలో నేను హాస్యం చేయని విషయం అదొక్కటే. మొలలోని ఆ ఇనుప ముక్క మాత్రం నా ఒంటి వేడికి కూడా వెచ్చబడేది కాదు.

మళ్లీ ఒక బేస్తవారమే, పొద్దున్నే అక్కకు నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని తలుపు వేసింది. వాన వెలిసి, గాలి కూడా ఆగిపోయి, వాకిట్లో చూరు నీళ్లు కారడం వినిపిస్తోంది. నేను వసారాలో గోడకు ఆనుకుని కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నం దాటాక లోపల అక్క కేక ఆగిపోయింది. తర్వాత ఏమీ లేదు. బిడ్డ పుట్టిందని ఆ ఏమీ లేకపోవడాన్ని బట్టే తెలిసింది. మంత్రసాని చరుస్తున్న చప్పుడు, అమ్మ దేవుళ్లను పిలుస్తున్న గొణుగుడు, మళ్లీ నిశ్శబ్దం. అక్క ఒక్క మాట అడిగింది, ఏడ్చిందా అని.

అప్పుడు విన్నాను. నేను కూర్చున్న చోటు కిందనుంచి, టంగ్. పాదాల్లోకి ఎక్కింది. ఆగి, ఇంకోసారి, టంగ్. గొంతు మారింది, రాయి విడిపోయే ముందు మారినట్టు. ఆ మోత ఇంకా నేలలో ఉండగానే బిడ్డ కెవ్వుమంది.

ఏదో గిన్నె పడ్డట్టుందని మంత్రసాని తర్వాత అన్నది. ఆ గదిలో గిన్నెలు లేవు.

పురుటి మైల తీరాక చిచ్చా వచ్చాడు. నా దగ్గర సుత్తి తీసుకుని, గదిలో ఆ బండ ముందు మోకాళ్ల మీద కూర్చుని తట్టాడు. దబ్. మట్టిగోడను కొట్టినట్టు. అంచు నుంచి అంచుకు తట్టాడు, ఎక్కడా పలకలేదు. అక్కడి నుంచి నేరుగా సమాధి దగ్గరకు వెళ్లాం. అదీ దబ్ మన్నది. చిచ్చా సుత్తి కిందపెట్టి, అరచేయి ఆ రాతి మీద ఆనించి, ఆడమనిషి తల నిమిరినట్టు నిమిరాడు. "ఎవరి బిడ్డనో ఏడిపియ్యనీకి గింత దూరం నడిచిందిరా," అన్నాడు. మా గదిలోని బండను పెకిలించి తెచ్చి ఆమె పక్కనే ఖాళీ జాగాలో పరిచాం, పాపిళ్లు రెండూ ఎదురెదురుగా. కొన్నేళ్లకు ఆ రెండో బండ కిందికి చిచ్చా వెళ్లాడు.

ఆనాడు కెవ్వుమన్న బిడ్డే మొన్న నన్ను టైల్స్ దుకాణానికి తీసుకెళ్లింది. ఆమెకూ తల నెరిసింది, నాకు ఒక చెవి మందగించింది, అయినా మామా మామా అంటూ ఇప్పటికీ నా వెంట పడుతుంది. నేను వంగి ఆ పలకలను వేలి కణుపుతో ఒక్కొక్కటీ తట్టాను. అన్నిటిదీ ఒకటే గొంతు. చేతిలోని సీసాతో కాసిని నీళ్లు పోసి చూశాను. జుట్టు నల్లబడలేదు, ఆరాక మాయం కాలేదు. దుకాణం అతను తుడుచుకోవడానికి గుడ్డ తెచ్చాడు.

"ఏం ఇంటున్నవ్ మామా?" అంది మేనకోడలు.

"లోపల ఎవరన్న ఉన్నరేమో అని," అన్నాను. నా హాస్యం అలవాటే గనుక నవ్వేసింది. అవే కొంది.

ఇప్పుడు ఊరి నిండా ఒకటే బొమ్మ. ఈ ఇంటి నేలకు ఆ ఇంటి నేల జోడీ, ఎదురిల్లు జోడీ, వీధి వీధంతా జోడీ. విడదీస్తే పిలుస్తాయని భయపడేవాడు లేడు, భయపడనక్కర్లేదు కూడా. ఇవి ఎన్నడూ ఒక చీకట్లో కలిసి పడుకున్నవి కావు, ఒకదానికొకటి ఏమవుతాయని పిలుచుకుంటాయి? ఆ రోజుల్లో పిలుపంటే వణికినవాణ్ణి, ఈ రోజుల్లో మేనకోడలి కొత్త ఇంట్లో ఆ నేల మీద చాప వేసుకుని, పనిచేసే చెవిని కిందికి ఆనించి పడుకుంటున్నాను. బేస్తవారం మధ్యాహ్నం మేనకోడలు టీవీ ఆపేస్తుంది, మామ నిద్రపోతున్నాడనుకుని. నేను నిద్రపోను.