అత్త పీల్చిన కరెంటు

సందు మొదట్లో ఆటో దిగగానే నేను ముందు చెవి రిక్కించి వినేదాన్ని. ఇంట్లో ఆక్సిజన్ మిషను ఆడుతుంటే దాని గుర్రుగుర్రు చప్పుడు సందు మొదటి దాకా వస్తుంది. వినబడితే అత్త బాగానే ఉన్నట్టు. వినబడకపోతే చెప్పులు విడవకుండా లోపలికి పరిగెత్తాలి. రెండేళ్ళు నేను ఇంటికి అలాగే వచ్చాను.

అత్త అంటే మా మేనత్త, నాన్నకి అక్క. మావయ్య ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. అమ్మానాన్న లేని నన్ను పెంచిందీ, పెళ్ళి చేసిందీ ఆవిడే. మా ఆయన లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటాడు కాబట్టి పొందూరులో ఆ పాత పెంకుటింట్లో ఉండేది మేమిద్దరమే. అత్త జీవితమంతా రాట్నం ముందే గడిచింది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, ఏకు చేసి, సన్నటి నూలు వడికేది. పత్తి నూగు, కట్టెల పొయ్యి పొగ కలిసి ఊపిరితిత్తుల్ని తినేశాయని శ్రీకాకుళంలో డాక్టరు చెప్పాడు. ముక్కులో గొట్టం పెట్టుకుని, పగలూ రాత్రీ మిషను నడుస్తుంటేనే మనిషి నిలుస్తుందన్నాడు. అప్పు చేసి మిషను కొన్నాం.

అది వచ్చిన నెల నుంచీ కరెంటు బిల్లు ఎక్కువైంది. వాడాం కనక వచ్చింది, దానికి నేనేమీ అనలేదు. నాకు ఒళ్ళు మండింది బిల్లులో కింద ఉన్న సర్దుబాటు ఛార్జీ చూసి. ఎప్పుడో వాడేసి, కట్టేసి, మర్చిపోయిన నెలలకి, అప్పట్లో కరెంటు కొనడానికి ఖర్చు ఎక్కువైందంటూ ఇప్పుడు వసూలు చేస్తారు. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆ సంగతి చదివి చెబితే అత్త ముక్కులో గొట్టం సర్దుకుంటూ నా వైపు చూసింది.

“తినేసిన అన్నానికి మళ్ళీ బియ్యం డబ్బులడుగుతారేటే?”

అడుగుతారని చెప్పాను. నమ్మలేదు. నేనేదో తప్పు చదివానంది.

మా పెరట్లో నిలబడితే రైలు పట్టాలు కనబడతాయి. ఒడిశా నుంచి బొగ్గు గూడ్సులు ఒకదాని వెనక ఒకటి దక్షిణానికి పోతుంటాయి. అవి వెళ్ళాక తీగ మీద ఆరేసిన బట్టలు దులుపుకోవాలి. తాతయ్య మెట్టచేలో పెద్ద తీగల టవరొకటి నాలుగు కాళ్ళూ దిగేసి కూర్చుంది. దాని కింద పెసలు కూడా సరిగ్గా పండవు. వానపడితే పైన తీగలు చిటచిటమంటాయి. బొగ్గు మా పెరటి పక్క నుంచి పోతుంది, కరెంటు మా చేను మీదుగా పోతుంది, మా ఇంట్లో మటుకు ఫ్యాను వెయ్యాలంటే ఆలోచించాలి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, అచ్చం అలాగ.

నా నోరు ఊరుకోదు. ఒకరోజు కరెంటాఫీసుకి వెళ్ళి కౌంటర్లో ఉన్నాయన్ని ఇదే అడిగాను. ఆయన విసుక్కోలేదు.

“బొగ్గు మీ ఊరి మీంచి ఎల్తాది గానీ మీ ఊరిది కాదు గదమ్మా. తవ్వినోడికో రేటు, మోసిన రైలుకో రేటు. ఎండలప్పుడు సాలకపోతే బయట కొనాల, వాళ్ళెంతంటే అంత. కొన్ని ప్లాంట్లు ఆడినా ఆడకపోయినా వాటికి కట్టవలసింది కట్టాల, ఒప్పందాలలాగున్నాయి. దార్లో తీగల్లో కొంత పోతాది. అదంతా సివరికి ఇళ్ళ మీదే పడతాది.”

“ఇళ్ళ మీద తప్ప ఇంకెక్కడా పడదేటి?” అన్నాను.

“మా ఇంటి బిల్లూ అంతేనమ్మా,” అన్నాడాయన. ఆ మాటతో నాకు పోట్లాడ్డానికి మనిషి లేకుండా పోయాడు.

ఇంటికొచ్చి అంతా అత్తకి చెప్పాను. నేనెంత మండిపడుతూ చెప్పానో ఆవిడ అంత నిదానంగా వింది. తర్వాత మూలనున్న రాట్నం వైపు చెయ్యి చూపించింది.

“నాను వడికిన నూలు పంచి మీ మావ ఒక్కనాడు కట్టేడేటి? పెద్దోళ్ళకి ఎల్లిపోయీది. మన కాడ పుట్టిందని మనకి సవగ్గా ఇత్తారేటే, ఎర్రిదానా.”

నాకు కోపం ఇంకా పెరిగింది. బిల్లు వేసినవాళ్ళ మీద కంటే, దానికి సరే అనేసిన ఆవిడ మీద. కానీ అత్త సరే అని ఊరుకోలేదని నాకు వారం తిరక్కుండానే తెలిసింది.

ఆ సాయంత్రం ఇల్లు చేరేసరికి మిషను ఆడుతూనే ఉంది. అత్త పెదాలు మాత్రం వాడిపోయినట్టున్నాయి. ఎందుకో మిషను వీపు మీద చెయ్యి వేశాను. రోజంతా ఆడితే అది పొయ్యి దగ్గర పెట్టిన గిన్నెలా వెచ్చగా ఉంటుంది. చల్లగా ఉంది.

“ఇందాకా కరెంటు పోనాది. ఇప్పుడే వచ్చింది,” అంది అత్త, నేనేమీ అడగకముందే.

పక్కింటి వదినని అడిగాను. పొద్దుట్నుంచి కరెంటు పోలేదంది.

నేను విజయనగరంలో కాలేజీ ఆఫీసులో పని చేస్తాను. పొద్దున్నే రైలెక్కి సాయంత్రానికి వస్తాను. నేను గడప దాటగానే అత్త గోడ పట్టుకుని లేచి మిషను ఆపేసేది. ఆయాసం తట్టుకున్నంతసేపు తట్టుకుని, నేనొచ్చే వేళకి మళ్ళీ వేసేది. ఆ రోజు ఇంట్లో పెద్ద గొడవైంది. నేను ఏడ్చాను, తిట్టాను, అన్నం తినలేదు. చివరికి ఆవిడ రాట్నం మీద చెయ్యి వేసి ఇక ఆపనని ఒట్టేసింది. రాట్నం మీద వేసిన ఒట్టు అత్త తప్పదు. అందుకని నేను మళ్ళీ పనికి వెళ్ళగలిగాను.

కానీ రీడింగ్ రోజుకి ఆ ఒట్టు వర్తిస్తుందని ఆవిడ అనుకోలేదు.

మా సందులో ఒక అలవాటుంది. మీటరు చూసే ఆయన వీధిలోకి వచ్చాడంటే మొదటింటివాళ్ళు కేకేస్తారు. ఆ కేక వినగానే అన్ని ఇళ్ళలోనూ ఫ్యాన్లు, ఫ్రిజ్జులు, మోటార్లు ఆగిపోతాయి. ఆయన వెళ్ళాక మళ్ళీ వేస్తారు. ఒకప్పుడు కొందరు స్తంభం తీగలకి కొక్కేలు వేసుకుని కరెంటు లాక్కునేవారు. వాళ్ళు ఆ కేకకి గబగబా కొక్కేలు తీసేసేవారు. వాళ్ళని చూసి, కొక్కెం లేనివాళ్ళు స్విచ్చిలు తీయడం మొదలుపెట్టారు. ఇప్పుడు కొక్కేలు పోయాయి, అలవాటు మిగిలింది. నెలంతా తిరిగిన మీటరు ఆ పది నిమిషాలు ఆపితే వెనక్కి తిరగదని నేను చెప్పి చెప్పి ఊరుకున్నాను. ఏమో, ఆయన చూస్తుండగా గిర్రున తిరిగితే ఎక్కువ రాసేస్తాడని వాళ్ళ భయం.

ఆ రోజు మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా పక్కింటి వదిన వేరే పని మీద ఫోన్ చేసింది. మాటల్లో, రీడింగ్ ఆయన పక్క వీధిలో ఉన్నాడంది. అత్తకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. వదినని వెళ్ళి చూడమని చెప్పి, ఉన్న పని అలాగే వదిలేసి స్టేషనుకి పరిగెత్తాను. అదృష్టం, బండి సిద్ధంగా ఉంది.

పొందూరుకి ముందు స్టేషను సిగడాంలో బండి ఆగి ఇక కదలదు. బొగ్గు దింపేసి మళ్ళీ నింపుకోవడానికి ఉత్తరానికి పోయే గూడ్సుకి దారి ఇస్తున్నారని ఎవరో అన్నారు. దిగి ఆటో చూసుకుందామంటే, దిగగానే బండి కదిలిపోతుందేమోనని భయం. వదిన ఫోన్ చేసింది.

“తలుపు లోపల్నుంచి గడేసుకున్నాదమ్మీ. పిలిస్తే పలకట్లేదు. మిషను సప్పుడు లేదు.”

“పగలగొట్టు వదినా,” అన్నాను. పాత టేకు తలుపు, వదిన వల్ల కాదని నాకూ తెలుసు. మగవాళ్ళనెవరినైనా పిలవమన్నాను. మగవాళ్ళంతా పనుల్లోకి పోయారంది.

నా కిటికీ పక్కనుంచి ఆ గూడ్సు వెళ్ళింది. ఒక్కొక్క పెట్టే డొల్లగా మోగుతూ పోతుంటే, లెక్క పెట్టకుండా కళ్ళు మూసుకున్నాను. నా జీవితంలో ఒక వస్తువుని అంతగా తిట్టింది లేదు.

పొందూరులో దిగి, ఆటో ఎక్కి, సందులో దూకి, వీధి తలుపు బాదుతున్న వదినని దాటి పెరటి వైపు పరిగెత్తాను. పెరటి తలుపు గడియ వదులని ఇంట్లో మా ఇద్దరికే తెలుసు, కంగారులో అది వదినకి ఫోన్లో చెప్పాలని తోచనే లేదు. భుజంతో తోసేసరికి ఊడింది. అత్త స్విచ్చిబోర్డు కింద గోడకి జారబడి ఉంది. పాత ఇల్లు, బోర్డు నిలబడితే గానీ అందదు. ఆపడానికి లేచి నిలబడింది, ఆపాక కూలబడింది, మళ్ళీ లేచి వెయ్యడానికి ఊపిరి చాల్లేదు. ఒక చెయ్యి ఇంకా గోడ మీద పైకి పాకి ఉంది. పెదాలు నేరేడు పండు రంగు.

స్విచ్చి వేసి, గొట్టం ముక్కుకి పెట్టి, ఆవిడని నా ఒళ్ళో ఆనించుకున్నాను. మిషను గుర్రుమంది. ఛాతీ ఎగిరీ ఎగరనట్టుంది. అత్తా, అత్తా అని పిలుస్తూనే ఉన్నాను. చాలాసేపటికి కళ్ళు తెరిచింది.

“ఎల్లిపోనాడా?” అంది.

ఆవిడ అడిగింది మీటరాయన గురించి. మిషను కంటబడితే షాపులకేసే ఎక్కువ రేటు రాసేస్తాడని ఎవరో చెప్పారట, అందుకే తలుపు గడేసింది. నాకు ఆవిడని కొట్టాలనిపించింది. కొట్టలేక గట్టిగా పట్టుకున్నాను.

ఆ తర్వాత స్విచ్చి మీద ప్లాస్టరు అతికించేశాను. రీడింగ్ రోజున వదిన తన ఇంట్లో అన్నీ ఆపుకుని మరీ వచ్చి అత్త పక్కన కూర్చునేది. అత్త ఇంకో ఏడాది బతికింది. వానల్లో ఒక తెల్లవారుజామున, మిషను ఆడుతుండగానే, నిద్రలో పోయింది.

మిషను ఎవరికో ఇచ్చేశాను. బిల్లు చటుక్కున పడిపోయింది. ఆ తక్కువ అంకె చూడ్డం నాకు బాగుండేది కాదు. కొన్నాళ్ళకి మళ్ళీ సర్దుబాటు ఛార్జీ వచ్చింది, చాలా ఎక్కువ. కరెంటాఫీసుకి వెళ్ళాను. కౌంటర్లో అదే మనిషి. నన్ను గుర్తుపట్టి, గొడవకి సిద్ధపడుతూ కంప్యూటర్లోకి చూశాడు.

“పోయినేడు మీరు వాడిన యూనిట్ల మీదమ్మా. అప్పుడు మీకు బాగా కాలింది.”

తినేసిన అన్నానికి మళ్ళీ బియ్యం డబ్బులు. అత్త ఉంటే ఈసారి నమ్మేది. నేను డబ్బు తీసి కౌంటర్లో పెట్టాను. అది చూసి ఆయనే, “అన్నాయమేననుకోండి,” అన్నాడు.

అన్యాయమే. కానీ ఆ నెలల్లో తిరిగిన ప్రతి యూనిట్‌కీ అత్త ఊపిరి తీసుకుంది. ఆ లెక్కలో లేనివి, నేను లేనప్పుడు ఆవిడ ఆపేసుకున్న గంటలే. వాటికి కూడా కట్టించుకోమని ఆయన్ని అడగాలనిపించింది.