ఈశ్వరి ముక్కుకు తగిలిన వాసన

గజపతినగరం దగ్గర మా ఊళ్లో ఈశ్వరి ముక్కుకు అందరం జడుస్తాం. ఒకరి పెళ్లి విందులో పప్పు అడుగంటిందని వియ్యంకుడి ముందే చెప్పేసి, పెళ్లివారి పరువు తీసిన మనిషి ఆవిడ. అలాంటి మనిషి ఓ రోజు కొడుకు చొక్కా ఉతకబోయి ఆగిపోయింది. రబ్బరు కాలిన వాసన.

పొలాల్లో మోటార్ల కేబుళ్లు పోతున్నాయి. దొంగలు పైన రబ్బరు కాల్చేసి, లోపలి రాగి అమ్ముకుంటున్నారని ఊరందరికీ తెలుసు.

"ఏట్రా ఇది, యుగంధరూ?"

పదో తరగతి కుర్రాడు తల దించుకున్నాడు. "నాను రానన్నానమ్మా. మీ అయ్యకి జడిసే పిరికోడివిరా అని ఆ బైకు కుర్రోళ్లు నవ్వినారు."

"మీ అయ్యకి సెప్పీమంతావా?"

"సెప్తే సంపేస్తాడు."

అబద్ధం కాదు. అప్పలసూరికి మాటకన్నా చెయ్యి ముందు లేస్తుంది. ఈశ్వరి చొక్కాకు రెండుసార్లు సబ్బు పెట్టి ఊరుకుంది.

సాయంత్రం అప్పలసూరి పొలం నుంచి హుషారుగా వచ్చాడు. "మన మోటారు సుట్టూ తీగ కట్టి కరెంటిచ్చీసినానే. ఈపాలి దొంగనాకొడుకెవుడొచ్చినా మరి లెగడు."

అంతకుముందే వీధిలో బైకు హారన్ మోగితే యుగంధర్ వెళ్లిపోయాడు.

"ఆ దొంగల్లో మనోడొకడు" అంది ఈశ్వరి, అరుగుమీద ఇరుగుపొరుగు వింటూండగానే.

అప్పలసూరి చెయ్యి లేచింది, దించేసి పొలానికి పరుగెత్తాడు. మసకచీకట్లో మోటారుకు కాస్త ఇవతల సెల్‌ఫోన్ లైటు కదులుతోంది. "ఒరే యుగంధరూ" అని పొలం అదిరేలా అరిచాడు.

ఆ గొంతు వింటే యుగంధర్ ఎప్పుడూ పారిపోయేవాడే. లైటు గబగబా మోటారువైపు జరిగింది.