మా చిన్నత్త చుట్ట మానిన పూట

ఆ రోజుల్లో ఎవరైనా "ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగితే "వ్యసనం మీద పరిశోధన" అని గొప్పగా చెప్పేదాన్ని. విన్నవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేసేవారు. ఉక్కునగరంలో మా క్వార్టర్ పక్కింటావిడైతే మా అమ్మని గేటు దగ్గర ఆపి, గొంతు బాగా తగ్గించి, "మీ గుంటకి ఎప్పట్నించమ్మా ఆ అలవాటు? మా తమ్ముడూ అలాగే ఉండీవోడు, ఇప్పుడు బానే ఉన్నాడు" అని ధైర్యం చెప్పింది. కోరిక పుట్టినప్పుడు మెదడులో ఏ రసాయనం ఊరుతుందో, అది దొరకనప్పుడు మనిషి ఎందుకు విలవిల్లాడతాడో నేను అనర్గళంగా ఉపన్యసించగలను. (పొద్దున్నే టీ పడకపోతే మాత్రం కన్నతల్లినైనా కసిరేదాన్ని. అది వ్యసనం కాదు, వట్టి అలవాటు అని నా వాదన.)

నా పరిశోధన అడ్డపొగ మీద. చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని, చల్లని కొస బయటికి ఉంచి పీల్చడాన్ని మా వైపు అలా అంటారు. సముద్రపు గాలికి ఆరిపోకుండా ఉండడానికే ఈ పద్ధతి వచ్చిందని పెద్దవాళ్ళు చెప్పేవారు. నాన్న స్టీలు ప్లాంటులో చేరకముందు మాదీ చేపల వేటకెళ్ళే కుటుంబమే. నాన్న ఆఖరి చెల్లెలు, మా చిన్నత్త, అప్పటికీ ఫిషింగ్ హార్బర్‌లో వేలం పాడి చేపలు కొని అమ్మేది. నోట్లో నిప్పు ఉండగానే బేరమాడి, ఎదుటివాడి నోరు మూయించగల మనిషి. నాకు కావలసింది అలాంటి ఆడవాళ్ళే. నిద్రలేచింది మొదలు చుట్ట ముట్టకుండా మా ల్యాబుకి రావాలి, ఒక చిన్న యంత్రంలోకి ఊది పొగ తాగలేదని రుజువు చెయ్యాలి, ఆ తర్వాత చుట్టల బొమ్మలు చూస్తూ నా ప్రశ్నలకి జవాబులు చెప్పాలి. ఎన్నాళ్ళు తిరిగినా ఒక్కరూ రాలేదు. చివరికి మా గైడు (మేమంతా పెద్దమేడం అనేవాళ్ళం) తేల్చి చెప్పేసింది. నెలాఖరుకి మనుషులు రాకపోతే ప్రాజెక్టు మూసేస్తానని, నేను ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలని. అక్కడ నాన్నేమో షిఫ్టులో ప్రతివాడికీ నేను డాక్టరైపోయినట్టే చెప్పుకుంటున్నాడు.

నా దిగులంతా చిన్నత్త దగ్గర వెళ్ళబోసుకున్నాను. ఆవిడ తీరుబడిగా విని, చుట్ట నోట్లోంచి తీసి, "ఇంతేనేటే కోడలా? మేం సుట్ట కాల్చకుండా కూకుంటే నీకు పట్టా వొచ్చెత్తాదా? ఆ మాట ముందే సెప్పొద్దేటి! నాను తీసుకొత్తాను ఉండు" అంది.

అన్నంత పనీ చేసింది. ఒక రోజు వేలం అవగానే ఆటోల నిండా ఆడవాళ్ళని కూరి మా కాలేజీ మెట్ల ముందు దింపింది. ఎవరూ చుట్ట ముట్టలేదని వేరే రుజువు అక్కర్లేకపోయింది. ఒకావిడ ఆలస్యంగా వచ్చిందని లిఫ్టుని తిడుతోంది. మరో ఇద్దరు ఆటోలో ఎవరి మోచెయ్యి ఎవరికి తగిలిందో ఇంకా తేల్చుకుంటున్నారు. చిన్నత్త అందర్నీ కారిడార్‌లో బెంచీల మీద కూర్చోబెట్టి, "ముందు మీరెల్లండి, నాను ఆకర్న ఎల్తాను. నాకేటి, సాయంత్రం వరకూ ఉండగల్ను" అని కాపలా కాసింది.

మొదట ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే పిన్ని వచ్చింది. యంత్రంలోకి దర్జాగా ఊదింది. నేను గొంతు సవరించుకుని, ఎంతో శ్రమపడి తెలుగులోకి దించిన ప్రశ్న చదివాను. "ప్రస్తుత క్షణంలో మీ ధూమపాన వాంఛ తీవ్రత ఎంత?"

పిన్ని నన్ను జాలిగా చూసింది. "వంజరమా తల్లీ? ఇప్పుడు వంజరం ఎక్కడ పడతంది?"

తలుపు తెరిచే ఉంది. "ఎందుకు పడతనేదు? నిన్న మా బోటుకి పడ్డాది" అని బెంచీ మీంచి ఒకావిడ. "అది వంజరమా? ఆ పిల్ల సేపని వంజరం అంతావేటి?" అని ఇంకొకావిడ. చుట్ట లేని కోపమంతా వంజరం మీదకి మళ్ళింది. ఆ గోలకి పెద్దమేడం గదిలోంచి వచ్చింది. నా చేతిలో కాగితం లాక్కుని చదివింది. "ఇన్నాళ్ళూ కూర్చుని నువ్వు రాసింది ఇదా? ఈ ప్రశ్న నాకే అర్థం కాలేదు. ఎవరి కోసం రాశావిది? పరిశోధన అంటే ఆటలా ఉందా? పంపించెయ్ వీళ్ళని!" అని అందరి ముందూ దులిపేసింది. నా కళ్ళు నిండిపోయాయి.

మొహం కడుక్కుని వచ్చి మేడంని బతిమాలాను. వాంఛని కొట్టేసి, "ఇప్పుడు సుట్ట కాల్చాలని ఎంత పీకుతంది?" అని రాసి చూపించాను. మేడం ముభావంగా తలూపింది. ఇంక అంతా సాఫీగా సాగింది. "ఎంత పీకుతందంటే, మాటాడుతుంటే నీ ముక్కే సుట్టలాగ అగుపడతంది" అని ఐసు పిన్ని జవాబు. నేను కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాను.

అందరూ అయ్యాక చూస్తే చిన్నత్త లేదు. ఇంతలో మెట్ల వైపునుంచి సెక్యూరిటీ గార్డు ఆవిడని వెంటబెట్టుకొచ్చాడు. "మేడం, మెట్ల కింద పొగ కంపు కొడతంది. అక్కడ ఈవిడ తప్ప ఎవరూ నేరు. సేతిలో ఏటీ నేదు!" అన్నాడు అయోమయంగా. చిన్నత్త మూతికి కొంగు అడ్డం పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు గోడ మీది గడియారం చూస్తోంది.

"ఏమ్మా, చుట్ట కాల్చావా?" అంది పెద్దమేడం.

"ఊహూఁ" అని చిన్నత్త తల అడ్డంగా ఊపింది. ముక్కులోంచి రెండు పాయలుగా పొగ వచ్చింది.

మేడం యంత్రం ఆవిడ ముందుకి జరిపింది. చిన్నత్త దాన్ని చూసి, మేడంని చూసి, కొంగు తప్పించి, నోట్లోంచి నెమ్మదిగా చుట్ట బయటికి తీసింది. నిప్పు ఇంకా ఎర్రగానే ఉంది.

"పొద్దున్నుంచీ బాగానే ఉన్నావు కదమ్మా, ఇప్పుడేమైంది?" అని అడిగింది మేడం.

"నాను బానే ఉన్నానమ్మా. రేపటిదాకా ఉండమన్నా ఉందును. మీరు మా కోడల్ని అలాగ తిడతంటే, అది ఏడుత్తంటే, నాకు సెయ్యి ఊరుకోనేదు. సుట్ట ఎలిగించకపోతే మిమ్మల్ని ఒకటి కొట్టీదాన్ని. రెండిట్లో ఏది నయమో మీరే సెప్పండి."

నా ఉద్యోగం ఊడిపోయిందనే అనుకున్నాను. పెద్దమేడం అలా చూస్తూ చూస్తూ స్టూలు మీద కూలబడి, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. "చుట్టే నయమమ్మా" అంది. తర్వాత నా వైపు తిరిగి, "ఈవిడ ఫలితం మనకి పనికిరాదు. కానీ బాగానే ఉన్న మనిషిని ఒక బాధ ఎలా వెనక్కి లాగేసిందో చూశావా? అది చదువు ముందు" అంది. అప్పట్నించి ఇన్నేళ్ళుగా నేను చదువుతున్నది అదే. మనసుకి కష్టం కలిగినప్పుడు మెదడు పాత అలవాటుని ఎందుకు వెతుక్కుంటుందన్నదే నా ఉద్యోగమంతా.

ఆ మధ్యాహ్నమే, పరిశోధనలో భాగంగా మేం పిలిపించిన పళ్ళ డాక్టరు అందరి నోళ్ళూ చూశాడు. చిన్నత్త అంగిట్లో ఒక తెల్ల మచ్చ ఉంది. ఇంకా ముదరలేదు గానీ, చుట్ట మానకపోతే ప్రమాదమన్నాడు. పట్టా సంగతి నా తలలోంచి ఎగిరిపోయింది. ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. "ఒగ్గెత్తాన్లే, ఏడవకు. నువ్వు ఏడిత్తేనే నాకు సిక్కు" అంది.

మందులు వాడింది, మానింది. నా వైవాకి మళ్ళీ ముట్టించింది. మానింది. నా పెళ్ళిలో మంగళసూత్రం కాసేపు కనబడకపోతే, ఆ కంగారులో మండపం వెనక చుట్టతో దొరికిపోయింది. మళ్ళీ మానింది. నాకు నొప్పులొచ్చినప్పుడు ఆసుపత్రి బయట ఏం జరిగిందో ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎలాగైతేనేం, మచ్చ తగ్గింది, చుట్టా పోయింది.

మొన్నామధ్య మా విభాగంలో పొగాకు మానాలనుకునేవాళ్ళకి ఒక సమావేశం పెట్టి, చిన్నత్తని రెండు మాటలు చెప్పమన్నాను. మైకు వేలం పాటకి పట్టుకున్నట్టు పట్టుకుంది. "ఆ ముందు కూకున్న పెద్ద డాక్టరమ్మ నా కోడలు. నాసేత సుట్ట మాన్పించింది ఇదే. మద్దిలో నాను మళ్ళీ మళ్ళీ మొదలెట్టిందీ దీని గురించే. ఇప్పుడు దీనికి తల నెరిసిపోనాది, ఇంకే పరీచ్చలూ రాయదు, పెళ్ళీ సేసుకోదు. అందుకే దయిర్నంగా సెప్తన్నాను, ఇంక నాను కాల్చను!"

హాలంతా ఘొల్లున నవ్వింది. ముందు వరసలో ఆ పెద్ద డాక్టరమ్మ (అంటే నేనే) కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, అందరూ ఆపేశాక కూడా నవ్వుతూనే ఉంది.