పుణ్యవతి మూసిన మడవ

హిరమండలం దగ్గర్నుంచి గుడారి పక్క పల్లెకు కోడలిగా వచ్చిన రోజునుంచీ పుణ్యవతికి మొండిదని పేరు. ఆ పేరు ఆమె కష్టపడి నిలబెట్టుకుంది కూడా.

వాళ్ళ రెండెకరాలకూ ఊరి పక్క వాగు, గెడ్డ నీళ్ళే ఆధారం. గెడ్డ నుంచి తీసిన కాలువలో నీళ్ళు వంతుల ప్రకారం వస్తాయి. ఒకసారి వంతు వద్దన్నవాళ్ళకు మరి వంతుండదు. ఆ కట్టుబాటు చూసేది ఆమె బావగారు గోవిందరావు.

రెండువేల మూడులో ఎగువన బెల్లపు మడ్డితో సారా కాచే ఫ్యాక్టరీ వెలిసింది. దాని మురుగు గెడ్డలో కలిసి, నీళ్ళు టీ రంగుకు తిరిగాయి. కంపు కొట్టాయి. ఊరు మాత్రం పండగ చేసుకుంది. ఆ నీళ్ళు పారిన మడిలో వరి ఏపుగా ఎదిగింది మరి! యూరియా బస్తా మోసే పని తప్పిందన్నారు. అందరికంటే ముందు మురిసిపోయింది పుణ్యవతే. ఆ ఏడు పొలానికి పెంట తోలడం కూడా మానేసింది. ఈ సంగతి దాచి ఆమె కథ చెబితే ఆమే ఊరుకోదు.

వరి నడుం దాటి ఎదిగి పడిపోయింది. కోసి తూర్పారబడితే సగానికి పైగా గింజ పట్టని తాలే. గెడ్డలో ఆకుపచ్చని నాచు పేరుకుని, చేపలు తెల్లగా తేలాయి. ఊరంతా దిష్టి తగిలిందంది. పుణ్యవతి తాలును రెండు గోతాల్లోకెత్తి అటకెక్కించింది.

మరుసటి ఏడు ఆమె వంతు రాగానే కాలువ నుంచి మడిలోకి నీళ్ళు పారే మడవను పారతో మట్టి వేసి మూసేసింది. గోవిందరావు గట్టు మీదకొచ్చాడు.

"వంతు ఒగ్గేస్తే మరి రాదు, పున్నెవతీ. ఆలోసించుకో."

"ఆలోసించే మూసేను, బావగారూ. మనిసైనా, మొక్కైనా మితిమీరి తింటే అజీర్తే కదా. నా మడికి పెంట సాలు."

ఆమెకు లోపల భయంగానే ఉంది. వంతు పోతే పిల్లలకేం పెట్టాలి? అయినా మట్టి తీయలేదు. మొగుడు కన్నయ్య, తను కలిసి మడి పక్కన నుయ్యి తవ్వి నీళ్ళు తోడారు, పేడ మోశారు. పాలిపోయిన ఆమె మడిని చూసి ఊరు నవ్వింది. సంక్రాంతి ముందు కోతలయ్యాయి. ఆమె మడిలో గింజ నిండుగా వచ్చింది. ఊరి కళ్ళాల్లో మళ్ళీ తాలే మిగిలింది. ఇక నవ్వేవాళ్ళు లేరు.

"ఇప్పుడేటి సేద్దాం?" అన్నాడు గోవిందరావు తలొంచుకుని.

"తాలెత్తండి. ఎవలిది ఆలకిచ్చేద్దాం."

బళ్ళకెత్తుకుని ఊరంతా ఫ్యాక్టరీ గేటు ముందు దిగింది. గాలి లోపలికి వీచే వైపు చూసుకుని నిలబడ్డారు. మేనేజరు బయటికొచ్చి, ఏమిటీ గోలని అడిగాడు.

"మీ నీళ్ళ పంట, బాబూ. మీది మీకే తెచ్చేం," అంది పుణ్యవతి.

గోవిందరావు ముందుగా చేట ఎత్తబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి, బావగారూ. కాలవలో నాకు వంతు నేదన్నారు. ఇక్కడ మాత్రం ముందు వంతు నాదే."

నిరుటి గోతాం విప్పి చేట నింపి తలకంటే ఎత్తుకు లేపింది. తాలు మేనేజరు చొక్కా మీద, ఆఫీసు కిటికీల్లో, బల్లల మీద పడింది. ఆమె రెండో చేట నింపుకుంది.