వెనక్కి తిరిగిన సూర్యుడు

2003. భీమవరంలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతూ, సెలవు రోజుల్లో పీహెచ్‌డీ పని చేసుకునేదాన్ని. సోలార్ ఫ్లేర్లు ఎక్కడ లేచాయో కనిపెట్టడం నా పని. సూర్యుడి మీద ఉన్నట్టుండి ఓ చోట శక్తి భగ్గుమంటే దాన్ని ఫ్లేర్ అంటారు. దాని నుంచి వచ్చే ఎక్స్‌రేలనూ అతినీలలోహిత కిరణాలనూ మన గాలి పొర కిందికి రానివ్వదు. అందుకే వాటిని పట్టే డిటెక్టర్లను ఉపగ్రహాల్లో పెట్టి పైకి పంపారు. ఆ బొమ్మలు ఇంటర్నెట్‌లో ఎవరికైనా ఉచితమే. నేను వాటిని దింపుకొని, మంట సూర్యబింబం మీద ఏ మూల లేచిందో కొలిచేదాన్ని.

దింపుకోవడం అంటే మాటలా! మా ఇంటికి రెండు వీధుల అవతల రాజుగారి నెట్ సెంటర్. అక్కడికి వచ్చేవాళ్లంతా రొయ్యల ధరలు చూసుకునేవాళ్లే. ఒక్కో బొమ్మ దిగడానికి ముప్పావుగంట. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి. తీరా దిగాక ఫైలు ఫ్లాపీలో పట్టదు. అందుకని దాన్ని మామూలు ఫొటోగా మార్చి, చిన్నది చేసి తెచ్చుకునేదాన్ని. ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

థీసిస్ ఇవ్వడానికి మూడు వారాలు ఉందనగా ఒక ఫ్లేరు అడ్డం తిరిగింది. ఎక్స్‌రే ఉపగ్రహం ప్రకారం అది కుడివైపు కింద ఉంది. రెండో ఉపగ్రహం తీసిన అతినీలలోహిత బొమ్మలో ఎడమవైపు పైన ఉంది. ఒకే మంట రెండు చోట్ల ఎలా ఉంటుంది? నేను కొలిచే పద్ధతే తప్పయితే నాలుగేళ్ల చాకిరీ గోదాట్లో కలిసినట్టే. మా గైడుగారికి ఫోన్ చేశాను.

"మొత్తం ఎన్ని ఫ్లేర్లమ్మా?"

"అరవై రెండండి."

"మిగతావాటితో పేచీ లేదుగా? ఆ ఒక్కటీ తీసెయ్. గడువు దాటితే నీ రిజిస్ట్రేషన్ పోతుంది. అప్పుడు నేను కూడా ఏం చెయ్యలేను."

నా మంచికే చెప్పారు. కానీ నాకు ఒళ్లు మండింది. ఆయన మీద కాదు, ఆ ఫ్లేరు మీద. తేడా ఎందుకు వచ్చిందో తెలియకుండా తీసేస్తే మిగతావి సరైనవేనని నాకెలా తెలుస్తుంది? "తియ్యనండి" అని చెప్పి ఫోన్ పెట్టేశాను.

లెక్క మూడుసార్లు మళ్లీ చేశాను. కాగితం మీద చేత్తో కూడా చేశాను. అదే జవాబు. సరే, ఆ చోట ముందురోజూ మర్నాడూ ఏముందో చూద్దామని ఆదివారం పొద్దున్నే వెళ్లి నెట్ సెంటర్ తెరిపించాను.

"ఏంటండి మేడం, ఈ వారం కూడా సూర్యుడేనా?" అన్నారు రాజుగారు.

"ఇవాళ ఇది తేలేదాకా కుర్చీలోంచి లేవనండి" అన్నాను.

మధ్యాహ్నానికి మూడు రోజుల బొమ్మలు దిగాయి. వరసగా పెట్టి చూసి నోరెళ్లబెట్టాను. సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతాడు కాబట్టి, అతని మీద మెరిసే మచ్చలు రోజురోజుకీ ఎడమ నుంచి కుడికి జరగాలి. ఇవేమో కుడి నుంచి ఎడమకి జరుగుతున్నాయి.

"అయ్యబాబోయ్, సూర్యుడు వెనక్కి తిరుగుతున్నాడండి!" అని అరిచేశాను.

రొయ్యల వాళ్లంతా తలలెత్తారు. రాజుగారు వచ్చి తెర వంక చూశారు.

"సూర్యుడు వెనక్కి తిరగడమేంటండి బాబూ? ఫొటో తిరగేసుంటారు."

గబగబా అసలు ఫైలు తెరిచాను. ప్రతి ఫైలు మొదట్లో హెడర్ అని కొన్ని వరసలుంటాయి. బొమ్మ ఎప్పుడు తీశారో, అప్పుడు ఉపగ్రహం ఎలా ఉందో అందులో రాస్తారు. ఫొటోగా మార్చినప్పుడల్లా నేను పారేసింది దాన్నే! ఉపగ్రహం తిరిగి ఉన్న కోణం 180 డిగ్రీలు అని అందులో స్పష్టంగా ఉంది. దాని యాంటెన్నా భూమి వైపు తిరగనని మొరాయించడంతో, కొన్ని నెలలకోసారి ఉపగ్రహాన్నే తలకిందులు చేస్తున్నారని తర్వాత తెలిసింది. బొమ్మను తిప్పి పెట్టగానే రెండు చోట్లూ ఒకటయ్యాయి. నా నెత్తిన నేనే మొట్టికాయ వేసుకున్నాను.

ఆ వెంటనే భయం పట్టుకుంది. తలకిందులుగా ఉన్న రోజుల బొమ్మలు నా పట్టికలో ఇంకేమైనా ఉన్నాయా? వెతికితే నాలుగు దొరికాయి. ఆ నాలుగు వేళల్లోనూ ఎక్స్‌రే ఉపగ్రహం భూమి చాటున ఉంది. అందుకే అవి తప్పని చెప్పేదేదీ లేకపోయింది.

ఇదంతా గైడుగారికి ఫోన్‌లో చెప్పాను.

"నా మాట వినకపోవడమే మంచిదైందమ్మా" అన్నారాయన.

అన్నీ సరిదిద్ది, గడువుకు రెండు రోజుల ముందు థీసిస్ ఇచ్చాను. ఇప్పటికీ ల్యాబులో పిల్లలు "ఒక్క రీడింగే తేడా మేడం, కొట్టేయమంటారా?" అంటే ఈ సంగతి చెబుతాను. ఆ ఒక్కటీ కొట్టేసి ఉంటే, నాలుగు అబద్ధాలు ఏ పేచీ లేకుండా నా పేరు మీద అచ్చయ్యేవి.